ముఖం తెలిసిన పగ

ఉయ్యూరు,
జులై 28

జీవరత్నం అక్కకి,

ఈసారి ఉత్తరం విజయవాడ నుంచి కాదు, మా పుట్టింటి నుంచి రాస్తున్నాను. వన్ టౌన్‌లో ఇనుప సామాన్ల కొట్టు మా ఆయనకి వదిలేసి వచ్చి నెల కావస్తోంది. పోయిన ఉత్తరంలో నువ్వడిగిన మాగాయ కొలతలు ఇప్పుడు రాయలేను. ఏమీ అనుకోకు.

మా తమ్ముడు చక్రిని నరికారు.

బతికే ఉన్నాడు. కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. నరికినవాడు పరాయివాడు కాదు, మా దాయాదే. పెదనాన్న కొడుకు సాయిగణేష్. మా చేనూ వాళ్ల చేనూ పక్కపక్కన, మధ్యలో గట్టు. మా నాన్న పోయాక వాడు ఏటా ఆ గట్టుని తన వైపు నుంచి కాస్త కాస్త చెక్కి, ఆ మట్టి మా వైపు వేస్తూ వచ్చాడు. గట్టు నడుచుకుంటూ మా చేలోకి వచ్చేసింది. చక్రి సర్వేయరుని పిలిపించి హద్దు రాళ్లు పాతించాడు. మర్నాడు పొద్దున వెళ్లేసరికి సాయిగణేష్ ఒక రాయి పెకలిస్తున్నాడు. చక్రి వెళ్లి ఆ రాయి మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"చెయ్యి తియ్యరా" అన్నాడట వాడు.

"తియ్యను. ఏం పీకుతావో పీక్కో" అన్నాడట వీడు.

కంప కొట్టడానికి తెచ్చుకున్న కత్తి వాడి చేతిలోనే ఉంది. ఒకే వేటు. రాయి మీద కత్తి పడిన చప్పుడు రోడ్డు దాకా వినపడిందని కూలీలు చెప్పారు. రెండు వేళ్లు రాయి పక్కన దొరికాయి. మూడోది బోదెలో పడి నీళ్లతో పాటు పోయింది. దొరికిన వాటిని తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఆసుపత్రిలో డాక్టరు విప్పి చూసి, నలిగిపోయాయమ్మా, మట్టి పట్టింది, అతకవు అన్నాడు. ఆ తువ్వాలు మళ్లీ నా చేతికే ఇచ్చారు. ఏం చెయ్యాలో తెలియక దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని సాయంత్రం దాకా మందుల షాపుల చుట్టూ తిరిగాను.

వాడికి బెయిలు వచ్చేసింది. బుల్లెట్ బండి మీద మా వీధిలో తిరుగుతున్నాడు. మా ఇంటి ముందుకి రాగానే హారన్ కొడతాడు. ఆ హారన్‌కి చక్రి కట్టు కట్టిన చెయ్యిని పొట్టకి అదుముకుంటాడు. 

అక్కా, నాకు వాడి చెయ్యి కావాలి. వేళ్లు కాదు, మణికట్టు దాకా కావాలి. ఈ మాట ఇక్కడ ఎవరితోనూ అనలేను, మా ఆయనతో అసలే అనలేను. గ్రంథాలయం వాళ్లు విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లతో ఉత్తరాల స్నేహం అని చీటీలు తీసినప్పుడు నాకు లండన్ వస్తే బాగుండుననుకున్నాను. బర్మా వచ్చింది. మౌల్మేన్ అనే ఊరూ, అందులో బట్టలు కుట్టుకునే నువ్వూ వచ్చారు. ఆ రోజు మొహం ముడుచుకున్నాను. ఏడాదిగా పచ్చళ్ల గురించీ చర్చిలో నేర్చుకున్న నీ గుడి తెలుగు గురించీ రాసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు ఈ మాట చెప్పుకోడానికి సముద్రం అవతల ఒక మనిషి దొరికింది, అంతే చాలు.

ఉషశ్రీ


మౌల్మేన్,
ఆగస్టు 30

ప్రియమైన చెల్లెలు ఉషశ్రీకి,

నీ ఉత్తరము అందినది. చదివిన తరువాత కుట్టుమిషను ముందర కూర్చుంటిని గాని గుడ్డ ఎటు తిరుగుచున్నదో చూడలేదు. ఒక చొక్కాకు రెండు చేతులును ఒక వైపే కుట్టి, మరల విప్పితిని.

చక్రికి జ్వరము తగ్గినదా? గాయము చీము పట్టకుండ చూచుకొనుడి. తెగిన గాయములు ఇక్కడ మేము చాలా చూచుచున్నాము, గనుక చెప్పుచున్నాను. వేలు లేని చోట దురద పుట్టును. లేని వేలికి నొప్పియు పుట్టును. అప్పుడు అతనిని కసరవద్దు. అతడు చెప్పునది అబద్ధము కాదు.

కోపము తగ్గించుకొమ్మని నీకు వ్రాయను. మా ఫాదరు గారైతే వ్రాయుదురు. నాకు ఉన్నది ఒక్క కుమారుడు. మా ఫిలిప్ చెయ్యి ఎవరైనను అట్లు నరికిన యెడల నేనును నీ వలెనే అనుదును.

గాని నాకు కొన్ని సంగతులు తెలియలేదు. గట్టు ఎంత వెడల్పు ఉండును? దాని మీద ఏమి పండును? పెదనాన్న కొడుకు అన్నదమ్ముడే గదా, మరి దాయాది అని ఎందుకు వ్రాసితివి? మా ముత్తాత బియ్యపు మిల్లులో కూలికి ఓడ ఎక్కి వచ్చినప్పుడు ఇంటిపేరు కూడ తెచ్చెనట. మేము దానిని ఎక్కడనో పోగొట్టుకొంటిమి. ఒకే ఇంటిపేరు గలవారు ఒకరికొకరు ఏమి చేయవలెను? ఇక్కడ చెప్పువారు ఎవరును లేరు, నీవే చెప్పుము.

ఇక్కడ వానలు. ఫిలిప్ బాగున్నాడు.

మూడవ వేలు దొరికినదా?

నీ అక్క,
జీవరత్నం


విజయవాడ,
సెప్టెంబరు 27

జీవరత్నం అక్కకి,

దొరకలేదు. వెతకడం మానేశాం.

నీ ప్రశ్నలు చూసి మొదట ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు. తమ్ముడి చెయ్యి తెగిందంటే గట్టు వెడల్పు అడుగుతావా? కానీ లేని వేలు నొప్పి నిజమేనట. చక్రి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నీ ఉత్తరం సంగతి చెప్పగానే, "ఆవిడకెలా తెలుసక్కా?" అని ఏడ్చేశాడు. అందుకని నీ ప్రశ్నలకి జవాబు బాకీ ఉంచను.

గట్టు ఇప్పుడు మూరెడు వెడల్పు. గడ్డి తప్ప ఏమీ పండదు.

దాయాది అంటే ఒకే ఇంటిపేరు వాడు, ఒకప్పుడు ఒకే ఆస్తిలో వాటాదారు. వాళ్లింట్లో బిడ్డ పుడితే మాకూ పురుడు, మనిషి పోతే మాకూ మైల. మాటలున్నా లేకపోయినా మైల మాత్రం తప్పదు. పదకొండు రోజులు దేవుడి దగ్గర దీపం పెట్టం, గుడికి వెళ్లం, ఇంట్లో శుభకార్యం చెయ్యం. పెదనాన్న పోయేనాటికి గొడవలు మొదలయ్యాయి, అయినా చక్రి వెళ్లి పాడె మోశాడు. ఇంకో విశేషం విను. సాయిగణేష్‌కి తోడబుట్టినవాళ్లు లేరు. పెళ్లాం విడాకులిచ్చి పోయింది, పిల్లల్లేరు. రేపు వాడు చస్తే తలకొరివి పెట్టాల్సింది మా చక్రీయే. ముసలి తల్లి తప్ప ఇంకెవరూ లేరు వాడికి. మొన్న ఆ మాట తల్చుకుని నేనూ చక్రీ పడీ పడీ నవ్వాం. చాలా రోజులకి ఇంట్లో నవ్వు వినపడింది.

ఇక అసలు సంగతి. నేను చెయ్యి అన్నాను. చక్రి చెయ్యి చాలదంటున్నాడు. ఆలోచిస్తే నాకూ చాలదనిపిస్తోంది. చెయ్యి పోయినవాడు మళ్లీ బెయిలు మీద రాడా, మళ్లీ హారన్ కొట్టడా?

మామూలు చెరకు కత్తి కుడిచేతి వాటానికి నూరి ఉంటుంది. ఎడమచేత్తో కొడితే అంచు పక్కకి జారుతుంది. మా కొట్టు వెనక సందులో కొలిమి ఉంది. అక్కడ కూర్చుని, రెండో వైపు పదును పెట్టించి, పిడి సన్నగా చేయించి తెచ్చాను. ఎవరికమ్మా అని అడిగితే మా పాలేరు ఎడమచేతివాడని చెప్పాను. చక్రి రోజూ పెరట్లో అరటిచెట్ల మీద చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడు. మొదట్లో కత్తి సగం దిగి ఇరుక్కునేది. ఇప్పుడు ఒక్క వేటుకి చెట్టు కూలుతోంది, పాలు కారుతుంది. వాడి పెళ్లాం భానుశ్రీ ఆ చప్పుడు వినలేక వంటింటి తలుపు వేసుకుంటోంది.

చలికాలం చివర్లో ఫ్యాక్టరీ నుంచి చెరకు కోతకి ఆర్డరు వస్తుంది. పక్కపక్క చేలు కాబట్టి మాకూ వాళ్లకీ ఒకేసారి. చెరకు మనిషెత్తు దాటి ఉంటుంది. మధ్యాహ్నం కూలీలు అన్నానికి పోతారు, వాడొక్కడే చేలో తిరుగుతాడు. లోపల ఏం జరిగినా బయటికి ఆకుల చప్పుడే.

నీ సంగతి ఎందుకు రాయవు? వానలు, ఫిలిప్ బాగున్నాడు. అంతేనా? మీ దేశం గురించి పేపర్లో ఏదేదో వస్తోంది.

ఉషశ్రీ


మౌల్మేన్,
నవంబరు 15

చెల్లెలు ఉషశ్రీకి,

ఈ ఉత్తరము ఇక్కడ పోస్టులో వేయుట లేదు. పట్టాళమువారు విప్పి చదువుదురు. మా గుడికి వచ్చు దానమ్మ మలేషియాలో పినాంగులోని కూతురి యొద్దకు పోవుచున్నది. ఆమె అక్కడ వేయును.

నా సంగతి అడిగితివి, చెప్పెదను.

నా చెల్లెలు శౌరమ్మ నదికి అవతల, కొండల వైపు ఒక పల్లెలో ఉండెను. పోయిన నెల ఆ పల్లెలో పెండ్లి. శౌరమ్మ వంట బాగుగా చేయును, గనుక ఆమెను పిలిచిరి. అన్నము వార్చు వేళకు పట్టాళపు విమానము వచ్చెను. ఒకసారి పోయి మరల వచ్చెను. మొదటిసారి బాంబు వేసినప్పుడు బ్రతికినవారు పడినవారిని లేపుటకు పరుగెత్తిరి. రెండవసారి వారి మీద వేసెను.

మరునాడు దానమ్మయు నేనును పడవలో పోతిమి. పందిరి గుడ్డ చెట్ల కొమ్మలకు పట్టుకొని ఉండెను. గుండిగ బోర్లపడి అన్నము నేల మీద ఎర్రగా ఉండెను, కోళ్లు దానిని తినుచుండెను. నేను రాళ్లతో వాటిని తరిమితిని. మేము బుట్టలు పట్టుకొని ఏరితిమి. ఒక చెయ్యి దొరికెను. దానిలో గరిటె ఇంకను ఉండెను. శౌరమ్మది అనుకొంటిని. వంటకు కూర్చున్న ఆడవారు ఆరుగురు. ఎవరిదో చెప్పుటకు ఎవరును మిగలలేదు. అన్నియు ఒకే గోతిలో పెట్టి మన్ను కప్పితిమి.

ఇంటికి వచ్చి, చక్రి సంగతి వ్రాసిన నీ ఉత్తరము తీసి మరల చదివితిని. రెండు వేళ్లు తువ్వాలులో చుట్టి తెచ్చిరని వ్రాసితివి. అవి ఎవరి వేళ్లో నీకు తెలియును. నాకు నీ మీద అసూయ కలిగెను. ఇది చెడ్డ మాట, గాని నీవు నీ చెడ్డ మాట నాకు వ్రాసితివి గనుక నాది నీకు వ్రాయుచున్నాను.

నాకును చంపవలెనని ఉన్నది, ఉషా. ఎవరిని చంపవలెను? విమానము నడిపినవాడు ఎవడో తెలియదు. వానికి నా చెల్లెలి పేరు తెలియదు. కన్నులు మూసికొని వాని ముఖము కొరకు వెదకుదును. టోపీ కనబడును, దాని క్రింద ఏమియు ఉండదు. నీ శత్రువునకు ముఖము ఉన్నది. తల్లి ఉన్నది, బండి ఉన్నది, హారను ఉన్నది. వాడు కొట్టినాడని వ్రాసికొన్న పోలీసు ఉన్నాడు. వాని వాకిట నిలువబడి పేరు పెట్టి తిట్టవచ్చును. ఇన్ని ఉన్నవి నీకు. దేవునికి కృతజ్ఞత చెప్పుకొనుమని నాకు అనవలెనని ఉన్నది, గాని నీవు కొట్టుదువు.

ఫిలిప్ బాగున్నాడని వ్రాసితిని. అది సగము నిజము. పడుచువారిని పట్టాళమునకు పట్టుకొనిపోవుచున్నారు. వానిని గుడి అటక మీద దాచితిమి. నిలువబడుటకు ఎత్తు చాలదు, కూర్చునియే ఉండును.

ఒక సంగతి మాత్రము నాకు అర్థము కాలేదు. చక్రి అతనిని నరికి, తరువాత అతనికే తలకొరివి పెట్టునా? మీరందరు పదకొండు దినములు అతని కొరకు దీపము పెట్టక కూర్చుందురా? ఆ మాటకు నవ్వితిమని వ్రాసితివి. అందులో నవ్వు ఎక్కడ ఉన్నదో నాకు తెలియలేదు. మన భాష నాకు సరిగా రాదు గదా, తెలియజేయుము.

జీవరత్నం


విజయవాడ,
డిసెంబరు 12

జీవరత్నం గారికి,

మీ చెల్లెలు పోయినందుకు చాలా బాధపడ్డాను. ఆ ఉత్తరం చదివిన రోజు అన్నం సయించలేదు. ఇది మర్యాదకి రాస్తున్న మాట కాదు.

కానీ మా చక్రి వేళ్లని మీ బాంబు పక్కన పెట్టి తూచకండి. వాడు ఇప్పటికీ చొక్కా గుండీలు పెట్టుకోలేడు. వాడి ఏడేళ్ల కూతురు పెడుతుంది. పెడుతూ, "నాన్నా, ఇంకా పెరగలేదా వేళ్లు?" అని అడుగుతుంది. మీ విమానం ముందు అది చిన్నదే. చిన్నదైనా మా ఇంట్లో ఉంది, రోజూ పొద్దున్నే మాతో పాటు లేస్తుంది. దానికి నేను దేవుడికి దండం పెట్టాలా? ఇలాంటి అదృష్టం కావాలంటే మీరే తీసుకోండి.

కొరివి గురించి అడిగారు. అది నవ్వులాటకి అన్న మాట. మీ ఉత్తరం చూశాక చక్రితో మళ్లీ అన్నాను, ఈసారి వాడు నవ్వలేదు. రెండు రోజులు పెరట్లోకే వెళ్లలేదు. కత్తి తడికెకి గుచ్చి వదిలేశాడు. మూడో రోజు నేనే ఉయ్యూరు వెళ్లి, కత్తి తీసి వాడి ముందు పెట్టాను. "హారన్ వినపడటం లేదా నీకు? చెవులు కూడా కోసుకెళ్లాడా?" అన్నాను. మళ్లీ మొదలుపెట్టాడు.

కోతకి ఇంక ఎక్కువ రోజులు లేవు. వాడి మనసు విరిచే మాటలు మీ నుంచి వద్దు. ఇక రాయకండి.

ఉషశ్రీ


మౌల్మేన్,
జనవరి 16

చెల్లెలు ఉషశ్రీకి,

వ్రాయవద్దంటివి. ఇది వ్రాసి ఇక ఊరకుందును. దీనిని కూడ పినాంగు పోవువారి చేత పంపుచున్నాను.

నీ దుఃఖము చిన్నదని నేను అనలేదు. అట్లు వినబడిన యెడల క్షమించుము. నీది ఇంకను ఆపగలిగినది అని చెప్పబోతిని. మాది ఆపుటకు ఎవరి కాళ్లు పట్టుకొనవలెనో తెలియదు.

ఫిలిప్‌ను పట్టుకొనిపోయిరి. క్రిస్మస్ ముందర వానికి పంటి నొప్పి వచ్చెను. లవంగములు పెట్టితిని, తగ్గలేదు. నేను లేని వేళ అటక దిగి మందుల అంగడికి పోయెను. వీధి చివర లారీ ఉండెను. పరుగెత్తబోతే తుపాకి వెనుక భాగముతో మోకాలి మీద కొట్టి, జుట్టు పట్టి ఈడ్చి లారీలో వేసిరని చూచినవారు చెప్పిరి. నేను అన్నము కట్టుకొని పట్టాళపు గేటుకు పోతిని. నా కుమారుని పంటికి మందు ఇయ్యవలెనని చెప్పితిని. ఆ తుపాకితోనే నా నోటి మీద కొట్టిరి. ముందర పండ్లు పోయినవి. కొట్టినవాడు ఫిలిప్ కంటె చిన్నవాడు. కొట్టి, ఎవరైనను చూచిరేమో అని భయపడి చుట్టు చూచెను. వానిని కూడ ఎక్కడనో లారీలో వేసి తెచ్చియుందురు.

మొన్న ఫిలిప్ యొద్ద నుండి కబురు వచ్చెను. కొండల వైపు పంపిరట. పెద్ద ఫిరంగి యొద్ద గుండ్లు అందించు పని ఇచ్చిరట. అందించనన్న వానిని వీని ముందరనే కాల్చిరట. నదికి అవతల ఇంకొక పల్లె మీద గుండ్లు పడినవని నిన్న గుడిలో చెప్పుకొనిరి. ఇండ్లు కాలినవి, పిల్లలు పోయిరి.

ముఖము కొరకు వెదకితినని నీకు వ్రాసితిని. ఇప్పుడు టోపీ క్రింద ముఖము కనబడుచున్నది. అది నా కొడుకుది.

ఆ పల్లెలో ఎవరో ఒక స్త్రీ తన పిల్లలను బుట్టలో ఏరుకొని, ఇది చేసిన చెయ్యి నాకు కావలెను అని కూర్చుని ఉండును. ఆమె కోపము న్యాయమే. శౌరమ్మ విషయములో నాకును అదే కోపము. అయినను ఆమె యొద్దకు పోయి, అమ్మా, వాడు పంటి నొప్పికి అటక దిగినవాడు, వానిని చంపవద్దు అని చెప్పవలెనని ఉన్నది. ఆమె ఊరికి దారి లేదు. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె వలె కోపపడు స్త్రీ ఈ లోకములో నాకు తెలిసినది నీవు ఒక్కతెవే. గనుక ఆమెకు చెప్పవలసినది నీకు చెప్పుచున్నాను.

చంపవద్దు.

జీవరత్నం


విజయవాడ,
ఫిబ్రవరి 24

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజే మా చేలో కోత.

పొద్దున్నే చక్రి ఫోన్ చేసి, "ఇవాళ కత్తి పడుతోందక్కా" అన్నాడు. మేం అనుకున్న మాట అదే. "సరే" అని పెట్టేశాను. కొట్లో కూర్చున్నాను గానీ గిరాకీకి మేకులు అడిగితే తాళాలు ఇస్తున్నాను. పోస్ట్‌మ్యాన్ కవరు పడేసి వెళ్లాడు. పినాంగు తపాలా బిళ్ల చూసి నీదేనని తెలిసింది. విప్పకూడదనుకున్నాను. చేతులు ఊరుకోక చింపాను.

చివరి మాట దగ్గరికి వచ్చేసరికి నేను కొట్టు దిగి రోడ్డు మీద ఉన్నాను. చెప్పులు కూడా లేవు. ఆటో మాట్లాడుకుని ఉయ్యూరు దాకా చక్రికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. చేను దగ్గరికి వెళ్లేసరికి కోత కూలీలు కాలవ గట్టు మీద అన్నం తింటున్నారు. సాయిగణేష్ బుల్లెట్ బండి అక్కడే ఉంది, వాడు లేడు. చెరకులోకి దూరాను. ఆకులు మొహం మీద గీరుకుపోతున్నాయి. ఎటు చూసినా చెరకే. "చక్రీ" అని అరుస్తుంటే గొంతు నాకే వినపడటం లేదు.

చప్పుడు వినిపించిన వైపు వెళ్లాను. సాయిగణేష్ వెల్లకిలా పడి ఉన్నాడు, నుదురు చిట్లింది. చక్రి వాడి ఛాతీ మీద మోకాలు పెట్టి, వాడి కుడిచేతిని కాలితో తొక్కి పట్టాడు. ఎడమచేతిలో నేను చేయించిన కత్తి. నన్ను చూసి చక్రి మొహం వెలిగిపోయింది.

"వచ్చావా అక్కా? రా, చూద్దువుగాని" అన్నాడు.

నేను చూడ్డానికి వచ్చాననుకున్నాడు, అక్కా. ఎన్నేళ్లు బతికినా ఆ మొహం నన్ను వదలదు.

"వద్దురా, ఆపరా" అన్నాను.

"ఇప్పుడా చెప్పేది? కత్తి చేయించింది నువ్వే కదా" అన్నాడు.

ఆ మాటకి సాయిగణేష్ తల తిప్పి నా వైపు చూశాడు. చిన్నప్పటి నుంచీ నన్ను అక్కా అనే పిలిచాడు వాడు, గొడవల్లో కూడా ఆ పిలుపు మానలేదు. "నువ్వా అక్కా?" అన్నాడు. అంటూనే ఒక్క గుంజు గుంజి పక్కకి దొర్లాడు. చక్రి కత్తి దించేశాడు. మెడకి తగలాల్సింది తొడలో దిగింది. లాగేసరికి నెత్తురు ఎగజిమ్మి నా మొహాన పడింది. వేడిగా ఉంది. నా నోట్లోకి కూడా వెళ్లింది. చక్రి కత్తి మళ్లీ ఎత్తాడు.

నేను సాయిగణేష్ మీద పడ్డాను. రెండు చేతులతో తొడ నొక్కి పట్టుకుని అరిచాను. "వీడు చస్తే నిప్పుకుండ నువ్వే మొయ్యాలిరా! వీడి చుట్టూ తిరిగి నువ్వే కొరివి పెట్టాలి! ఆ చేత్తో పెడతావా, ఈ చేత్తో పెడతావా చెప్పు!"

కత్తి అలాగే పైన ఉండిపోయింది. చక్రి తన కుడిచేతి వంక చూసుకున్నాడు.  కత్తి ఎప్పుడు పడేశాడో నేను చూడలేదు. పక్కన మోకాళ్ల మీద కూలబడి, "అక్కా, నెత్తురు ఆగట్లేదే, ఏం చెయ్యను?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా చీర కొంగు చింపి బిగించాం. కూలీలు పరుగెత్తుకొచ్చారు. చెరకు ట్రాక్టరు తొట్టిలోనే వేసుకుని ఉయ్యూరు ఆసుపత్రికి, అక్కడి నుంచి అంబులెన్సులో విజయవాడకి. దారి పొడుగునా గాయం నొక్కి పట్టుకున్నది చక్రీయే. వాడి ఎడమచెయ్యి బాగా బలపడింది, అరటిచెట్ల మీద.

డాక్టరు చెప్పాడు, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని. కాలు మాత్రం ఇక సరిగ్గా మడవలేడట. వాడు కుంటుతాడు, వీడు వేళ్లు లేక తడుముకుంటాడు. ఒక మూరెడు గట్టుకి మా వంశంలో ఇద్దరు మొగవాళ్లూ అవిటివాళ్లయ్యారు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

చక్రి ఆ సాయంత్రమే స్టేషన్‌కి వెళ్లి లొంగిపోయాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నేను కూడా వెళ్లి, కత్తి చేయించింది నేనే, ఎగదోసింది నేనే అని చెప్పాను. ఎస్సై, "చదువుకున్న ఆడదానివి, సిగ్గులేదూ?" అని నానా మాటలూ అన్నాడు. అంటూనే రాసుకున్నాడు. ఎవరు, ఎవరిని, ఏ కత్తితో, ఎందుకు. ఒక్కో పేరూ ఇంటిపేరుతో సహా అడిగి రాసుకుంటుంటే నాకు నీ చెల్లెలి గొయ్యి గుర్తొచ్చింది. నా మీద కేసు కట్టిన కాగితం మీద సంతకం పెడుతూ ఆ ఎస్సైకి దండం పెట్టాను. నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటాడు. నోటీసిచ్చి, పిలిచినప్పుడు రమ్మని పంపేశాడు. మా ఆయన నాతో మాట్లాడటం లేదు. భానుశ్రీ మాట్లాడితే ఏడుపొస్తుందని మాట్లాడటం లేదు. నాకు శిక్ష పడొచ్చని వకీలు అంటున్నాడు. పడనీ.

నువ్వు చెప్పిన కృతజ్ఞత ఏమిటో అప్పుడు బోధపడలేదు. మాకు శత్రువు ఉన్నాడు, వాడికి పేరుంది, వాడిని చంపకుండా ఆగడానికి మాకు ఒక క్షణం దొరికింది. నీకు అది దొరకలేదు. నువ్వు నీ నోటి నెత్తురు తుడుచుకుని, ఆ దొరకని క్షణాన్ని నాకు రాసి పంపావు. ఉత్తరాలు రాయొద్దన్న దాన్ని కూడా వదల్లేదు. నిన్ను గారు అని పిలిచినందుకు నన్ను చెప్పుతో కొట్టు అక్కా.

ఇది ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. సుబ్బరత్నం పెద్దమ్మ, సాయిగణేష్ వాళ్లమ్మ, నన్ను లోపలికి రానివ్వదు. మొదటి రోజు అందరి ముందూ నా చెంప పగలగొట్టింది. నేను వెళ్లలేదు, ఇక్కడే కూర్చున్నాను. ఆవిడకి చదువు రాదు, మోకాళ్ల నొప్పులు. మూడో రోజు నుంచి మందుల చీటీ తెచ్చి, నా మొహం చూడకుండా, బల్ల మీద పెట్టి వెళుతోంది. నేను వెళ్లి తెస్తున్నాను.

వాడికి మత్తు దిగి తెలివి వచ్చింది. తెలివి వచ్చినప్పటి నుంచీ మమ్మల్ని తిడుతున్నాడు. చక్రిని, నన్ను, పోయిన మా నాన్నని, మా వంశాన్ని. ఆ వంశం తనది కూడా అని మర్చిపోయి తిడుతున్నాడు. నర్సులు వచ్చి గొంతు తగ్గించమంటున్నారు, తగ్గించడం లేదు. ఇప్పుడే నా పేరు పెట్టి, రాయలేని మాట ఒకటి అన్నాడు. గోడ ఇవతల నేను ఒక్క మాట పోకుండా వింటున్నాను, కళ్లు తుడుచుకుంటున్నాను. బతికున్నవాడి గొంతు ఎంత బాగుంటుందో నాకు ఇంతకు ముందు తెలియదు.

మీ ఫిలిప్ ఏ కొండ మీదున్నాడో, వాడు కూడా ఇలాగే ఎవరినో ఒకరిని గొంతు చించుకుని తిడుతూ ఉండాలి. రోజూ నేను కోరుకునేది అదొక్కటే.

నీ చెల్లెలు,
ఉషశ్రీ